గోతుల్లో ఈ.టి.

అటారి 2600 వీడియో గేమ్ యంత్రంలో ‘ఈ.టి.’ క్యాట్రిడ్జ్ పెట్టి మీట వేస్తే మొదట వచ్చే తెర ముచ్చటగా ఉంటుంది. ఎదురుగా ఈ.టి. ముఖం, దానితోపాటు జాన్ విలియమ్స్ కట్టిన బాణీ. ఒకేసారి రెండు ధ్వనులకు మించి పలకలేని చిప్ వాయించిన సంగీతమే అయినా, సినిమా చూసొచ్చిన పిల్లల ఒళ్ళు పులకరించడానికి అది చాలు. తర్వాత అడవి వస్తుంది. వ్యోమనౌక దిగి, ఈ.టి.ని నేల మీద వదిలి వెళ్ళిపోతుంది. జాయ్‌స్టిక్‌ను ఓ పక్కకు వంచితే ఈ.టి. నడుచుకుంటూ తెర అంచు దాటుతాడు. కొత్త తెరలో అడుగు పెట్టీ పెట్టగానే గోతిలో పడతాడు.

బటన్ నొక్కి జాయ్‌స్టిక్‌ను పైకి తోస్తే అతని మెడ సాగుతుంది. గాల్లో తేలుతూ నెమ్మదిగా పైకి వస్తాడు. నేల మీదికి చేరాక తప్పుడు దిక్కున ఒక్క అడుగు పడిందా, మళ్ళీ అదే గోతిలో ఉంటాడు. 1982 క్రిస్మస్‌కు ఈ ఆటను కానుకగా అందుకున్న అమెరికా పిల్లలకు అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయింది ఈ పడటం, లేవటమే.

నాలుగు దశాబ్దాలుగా ఈ ఆటకు ‘ప్రపంచంలోకెల్లా చెత్త వీడియో గేమ్’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ మాట అనేవాళ్ళలో చాలామంది దాన్ని ఆడి ఉండరు. ఆ పేరు అన్యాయమని నా నమ్మకం. లోపాలు లేవని అనను. చాలా ఉన్నాయి, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించవచ్చు. కానీ వేలు పెట్టి చూపించగలిగిన లోపం మనకు ఏదో ఒకటి నేర్పుతుంది. చెత్త అని పక్కన పారేస్తే ఏమీ నేర్పదు.

జులై 27 నుంచి సెప్టెంబర్ 1 దాకా

స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘ఈ.టి.’ 1982 జూన్ 11న అమెరికాలో విడుదలైంది. కథ చిన్నది. తనవాళ్ళు వెళ్ళిపోగా భూమ్మీద ఒంటరిగా మిగిలిపోయిన గ్రహాంతరవాసి ఒకడు, అతన్ని తన గదిలో దాచిపెట్టిన ఎలియట్ అనే పిల్లవాడు ఒకడు. ఎలియట్ తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ లోటు కనబడే ఇంట్లోకి వచ్చిన అతిథి ఈ.టి. ఒకరికి కలిగింది ఇంకొకరికి తెలిసిపోయేంతగా ఇద్దరూ పెనవేసుకుపోతారు. ఇంట్లో ఈ.టి. బీరు తాగితే బడిలో కూర్చున్న ఎలియట్‌కు మత్తెక్కుతుంది. ఈ.టి. నీరసించిపోతుంటే ఎలియట్ కూడా మంచం పడతాడు. దాదాపు కోటి డాలర్ల ఖర్చుతో తీసిన ఈ సినిమా ‘స్టార్ వార్స్’ను దాటి అప్పటికి అత్యధిక వసూళ్ళు సాధించిన చిత్రమైంది.

అప్పట్లో అటారి సంస్థ వార్నర్ కమ్యూనికేషన్స్ చేతిలో ఉండేది. 1976లో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొన్న ఆ సంస్థ, 1980ల మొదటికల్లా వార్నర్ లాభాల్లో పెద్ద వాటా తెచ్చిపెడుతోంది. వార్నర్ అధినేత స్టీవ్ రాస్ వారాల తరబడి బేరాలాడి, జులై చివర్లో ‘ఈ.టి.’ ఆట హక్కులు తెచ్చారు. వాటికోసం 2 కోట్ల నుంచి 2.5 కోట్ల డాలర్ల దాకా పెట్టారని చెబుతారు. ఒక ఆట పేరు కోసం అంత సొమ్ము అంతకుముందు ఎవరూ పెట్టలేదు. అటారిని నడుపుతున్న రే కాసర్‌కు ఈ బేరం నచ్చలేదు. అయినా ఒప్పందం జరిగిపోయింది, చేయక తప్పదు.

ఆట క్రిస్మస్‌కు దుకాణాల్లో ఉండాలి. ఇక్కడ క్యాట్రిడ్జ్ తయారీ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆట ఉండేది రోమ్ చిప్‌లో. ఫ్యాక్టరీలో ఆ చిప్ తయారయ్యేటప్పుడే కోడ్ అందులో పడిపోతుంది, ఆ తర్వాత ఒక్క అంకె మార్చడానికి వీల్లేదు. ఇప్పటిలాగా ముందు అమ్మేసి తర్వాత అప్‌డేట్ పంపడం కుదరదు. లక్షల చిప్‌లు తయారై, ప్లాస్టిక్ డబ్బాల్లో చేరి, లారీలెక్కి ఊరూరికీ వెళ్ళడానికి నెలలు పడుతుంది. క్రిస్మస్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే కోడ్ సెప్టెంబర్ 1కల్లా చేతికి రావాలని తేలింది.

జులై 27న హోవర్డ్ స్కాట్ వార్షాకు ఫోన్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు దాదాపు పాతికేళ్ళు. ‘యార్స్ రివెంజ్’ ఆయన చేసిందే, అటారి సొంతంగా రూపొందించిన ఆటల్లో మేటి అని ఇప్పటికీ పేరు. స్పీల్‌బర్గ్ సినిమా ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’ ఆధారంగా ఇంకో ఆటను అప్పుడే ముగిస్తున్నారు. మామూలుగా ఒక ఆటకు అయిదారు నెలలు పట్టేది. ఆయనకు దొరికింది అయిదు వారాలు. చేస్తానన్నారు. ప్రతిఫలంగా 2 లక్షల డాలర్లు, హవాయి ద్వీపాలకు ఖర్చులన్నీ సంస్థే భరించే విహారయాత్ర. ఇంట్లో ఉన్నప్పుడు కూడా పని ఆగకూడదని, కోడ్ రాసే యంత్రాన్ని ఆయన ఇంట్లోనే పెట్టించారు. బొమ్మలు గీయడానికి జెరోమ్ డొమురాట్ తోడయ్యారు.

కాగితం మీద ఆట రూపు అనుకున్నాక వార్షా విమానమెక్కి వెళ్ళి స్పీల్‌బర్గ్‌కు వివరించారు. ప్యాక్‌మ్యాన్ లాంటిది చేయకూడదా అని స్పీల్‌బర్గ్ అడిగారట. వార్షా వద్దన్నారు. అంత గొప్ప సినిమాకు పాత ఆట నకలు తగదని ఆయన పట్టుదల. ఈ ఘట్టం గురించి రాసేవాళ్ళు వార్షాను తప్పుపడుతుంటారు, స్పీల్‌బర్గ్ మాట విని ఉంటే బాగుండేదని. ప్యాక్‌మ్యాన్ నకలైతే అయిదు వారాల్లో చక్కగా వచ్చేదేమో. కానీ చిక్కుదారుల్లో చుక్కలు తింటూ తిరిగే ఈ.టి.ని ఊహించుకుంటే నాకు వార్షా పట్ల గౌరవమే పెరుగుతుంది. అయిదు వారాల గడువులో అయిదు నెలలకు తగిన ఆలోచన పెట్టుకోవడమే చిక్కు తెచ్చింది.

128 బైట్ల లోకం

ఆ యంత్రం సంగతి తెలియకుండా ఈ ఆటను విమర్శించడం న్యాయం కాదు. 1977లో వచ్చిన అటారి 2600లో, ఆట నడుస్తున్నప్పుడు విషయాలు గుర్తుంచుకోవడానికి ఉన్న చోటు 128 బైట్లు. కిలోబైట్లు కావు, ఉత్త బైట్లే. ఇవాళ ఫోన్‌లో తెలుగు టైపు చేస్తే ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి, అక్షరానికి వేరు, గుణింతానికి వేరు. ఆ లెక్కన 128 బైట్లలో 42 గుర్తులు పడతాయి, అంటే ఓ చిన్న వాక్యం. ఈ.టి. ఎక్కడున్నాడు, ఎంత శక్తి మిగిలింది, ఫోన్ ముక్కలు ఏ గోతుల్లో ఉన్నాయి, వెంటపడేవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు, అన్నీ ఆ చోటులోనే సర్దాలి.

తెర బొమ్మను ముందే తయారు చేసి దాచుకునే వీలు కూడా ఆ యంత్రంలో లేదు. టీవీ లోపలి కిరణం పైనుంచి కిందికి ఒక్కో గీతా గీసుకుంటూ పోతుంటే, ఆ గీతలో ఏముండాలో ప్రాసెసర్ అప్పటికప్పుడు చెబుతూ ఉండాలి. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు చిక్కే వ్యవధి 76 గడియార చక్రాలు. ఈలోగా చెప్పలేకపోతే బొమ్మ చెదిరిపోతుంది. కదిలే వస్తువులుగా ఆ చిప్ ఇచ్చేవి రెండు బొమ్మలు, రెండు తూటాలు, ఒక బంతి. టెన్నిస్ ఆటనూ ట్యాంకుల యుద్ధాన్నీ దృష్టిలో పెట్టుకుని చేసిన చిప్ అది. అలాంటి దాని మీద ఒక కథ చెప్పడమంటే మాటలు కాదు. కోడ్, బొమ్మలు, సంగీతం కలిపి ఈ.టి. ఆట మొత్తం 8 కిలోబైట్లు.

అందులోనే వార్షా ఒక లోకాన్ని కట్టారు. ఆరు తెరలు ఒక ఘనానికి ఆరు ముఖాలుగా అతుక్కుని ఉంటాయి. పై ముఖం అడవి, కింది ముఖం వాషింగ్టన్ నగరం, చుట్టూ నాలుగు గోతుల మైదానాలు. ఈ.టి. ఆ గోతుల్లో వెతికి మూడు ఫోన్ ముక్కలు ఏరుకోవాలి. వాటిని కలిపి ఇంటికి ఫోన్ చేయాలి. గడియారం సున్నాకు చేరేలోపు అడవిలో నౌక దిగే చోటికి చేరాలి. మొదలు, నడుమ, ముగింపు ఉన్న ఆట. 1982లో ఇళ్ళలో ఆడే ఆటల్లో ఎక్కువ భాగం ప్రాణం పోయేదాకా కాల్చడమే. ఇందులో తుపాకీ లేదు, ఈ.టి. ఎవరినీ చంపడు. ఆ రోజుల లెక్కలో ఇది సాహసం.

అసలు లోపాలు

ముందుగా గోతులు. తెర మీద నేలను కాస్త పైనుంచి చూస్తున్నట్టు గీశారు, ఈ.టి.ని మాత్రం పక్కనుంచి చూస్తున్నట్టు నిలబెట్టారు. అంటే అతని కాళ్ళు గోతికి ఇవతల గట్టి నేల మీద ఉన్నప్పుడు, తల వెనకున్న గోతి బొమ్మ మీదికి వస్తుంది. చూసే కంటికి అది సహజమే, అతను గోతి ముందు నిలబడ్డాడని అర్థమవుతుంది. యంత్రానికి అలా అర్థం కాదు. ఒక బొమ్మలోని చుక్క ఇంకో బొమ్మలోని చుక్కను తాకిందా లేదా అన్నదొక్కటే ఆ చిప్ చెప్పగలదు. తల చుక్క తగిలినా, మెడ చుక్క తగిలినా ఆట దాన్ని పడటం కిందే లెక్కేసింది. పాదాలు ఎక్కడున్నాయో విడిగా చూసే నాలుగు ఆదేశాలు రాయలేదు. దాంతో ఆటగాడి కళ్ళు ఒకటి చెబుతాయి, ఆట ఇంకొకటి చేస్తుంది. ఆటలో ఓడిపోతే పిల్లలు ఓర్చుకుంటారు. తమ తప్పేమీ లేకుండా పడిపోతే ఓర్చుకోరు.

గోతులను వదిలేసి ఆడటానికి వీల్లేదు, ఎందుకంటే ఫోన్ ముక్కలు ఉండేది వాటిలోనే. ఆట తప్పనిసరిగా చేయించే పనీ, ఆటలో అన్నిటికన్నా విసుగు తెప్పించే పనీ ఒక్కటే అయిపోయాయి. తెర మారినప్పుడు ఎక్కడ తేలుతామో ముందే తెలియదు, కొన్నిసార్లు సరిగ్గా గోతి మీదే తేలుతాం. గోతిలోంచి తేలి బయటికి రావడం నెమ్మది పని, ప్రతిసారీ అదే దృశ్యం. దాని మీద శక్తి లెక్క ఒకటి. 9999తో మొదలై, వేసే ప్రతి అడుగుకూ తరుగుతూ పోతుంది. పడితే ఇంకా తరుగుతుంది. దారి వెతుక్కోవడానికి తిరిగిన తిరుగుడంతా శిక్ష అవుతుంది.

తర్వాత, పైన వచ్చే గుర్తులు. ఈ.టి. నిలబడ్డ చోటును బట్టి తెర పైపట్టీలో ఒక గుర్తు మెరుస్తుంది. బాణం గుర్తు ఉంటే బటన్ నొక్కగానే పక్క తెరకు ఎగిరిపోతాడు. ప్రశ్నార్థకం ఉంటే ఈ మైదానంలో ఫోన్ ముక్క ఉందో లేదో తెలుస్తుంది. ఒక గుర్తుకు ఎలియట్ వస్తాడు, ఇంకోదానికి వెంటపడే మనుషులు వెనుదిరుగుతారు, ఇంకోదానితో ఇంటికి ఫోన్ చేయవచ్చు. ఈ చోట్లకు నేల మీద గుర్తేమీ ఉండదు. తడుముకుంటూ తిరగాలి. పైగా ఉన్నది ఒక్కటే బటన్. దాన్ని నొక్కే పరుగెత్తాలి, గాల్లో తేలాలి, ఈ పనులన్నీ చేయాలి. క్యాట్రిడ్జ్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది, అది చదివి ఆడితే ఆట దారిలో పడుతుంది. నేను దీన్ని చిన్న లోపంగానే చూస్తాను, ఎందుకంటే ఆలోచన మంచిది. ఒకే బటన్ ఉన్న జాయ్‌స్టిక్‌తో అరడజనుకు పైగా పనులు చేయించడానికి ఇంత పొందికైన దారి అప్పట్లో అరుదు. కానీ క్రిస్మస్ ఉదయం డబ్బా చించిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు ముందు పుస్తకం చదవడు.

ఘనం సంగతీ అంతే. గోతుల మైదానంలోంచి పైకి వెళితే అడవి వస్తుంది, అడవిలోంచి కిందికి దిగితే మునుపటి మైదానమే వస్తుందన్న హామీ లేదు. ఘనాన్ని చేతిలో పట్టుకుని తిప్పి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. చదునైన టీవీ తెర మీద చూసేవాడికి మాత్రం లోకం ఇష్టం వచ్చినట్టు మారిపోతున్నట్టు అనిపిస్తుంది. ఆటలో చికాకు పెట్టవచ్చు గానీ ఆటగాణ్ణి అయోమయంలోకి నెట్టకూడదని వార్షాయే తర్వాతి రోజుల్లో చెప్పుకొచ్చారు. చికాకు పడ్డవాడికి ఏం చేయాలో తెలుసు, అది కుదరక పళ్ళు కొరుకుతాడు. అయోమయంలో పడ్డవాడు జాయ్‌స్టిక్ కింద పెట్టేస్తాడు. ఈ ఆటను ఇంతకన్నా సూటిగా ఇంకెవరూ విమర్శించలేదు.

సైంటిస్టు వచ్చి పట్టుకుని వాషింగ్టన్ భవనానికి లాక్కెళ్ళడం, ఎఫ్‌బీఐ ఏజెంటు వచ్చి కష్టపడి తెచ్చుకున్న ఫోన్ ముక్క ఎత్తుకుపోవడం కూడా ఆటగాళ్ళకు మంటెత్తించేవే. కానీ వాటిని లోపాలు అనలేం, ఎదురు నిలిచేవాళ్ళు లేకపోతే ఆట ఎక్కడిది?

ఎవరూ ఆడి చూడని ఆట

ఇప్పుడు చెప్పుకున్న లోపాల్లో దేన్నీ పట్టుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. అయిదుగురు పిల్లలను పిలిచి గంటసేపు ఆడించి, వాళ్ళ భుజాల మీదుగా చూస్తే చాలు. గోతి గట్టున నిలబడి ‘నేను పడలేదు కదా!’ అని వాళ్ళు అరిచే అరుపు వినబడేది. ‘యార్స్ రివెంజ్’ను విడుదలకు ముందు బయటి ఆటగాళ్ళతో అలాగే ఆడించి చూశారు. ‘ఈ.టి.’కి ఆ పరీక్ష జరగలేదు, గడువులో దానికి చోటు లేదు. రాసిన మనిషికి గోతులు ఎక్కడున్నాయో, ఏ దిక్కుకు తోస్తే బయటపడతామో తెలుసు. తన కోడ్‌ను తానే ఆడుకుంటున్నప్పుడు ఆయనకు ఆట సాఫీగానే సాగి ఉంటుంది. ఈ గుడ్డిమచ్చ వార్షా ఒక్కరిదే కాదు. సాఫ్ట్‌వేర్ పని చేసే వేలమంది తెలుగువాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. గడువు దగ్గరపడితే ముందుగా కోత పడేది టెస్టింగ్ మీదే.

నా దృష్టిలో పెద్ద తప్పు ఆ తేదీ నిర్ణయించిన గదిలో జరిగింది. హక్కులకు పెట్టిన సొమ్ము వెనక్కి రావాలంటే లక్షల్లో అమ్మాలి. లక్షల్లో అమ్మాలంటే క్రిస్మస్ దాటకూడదు. క్రిస్మస్ దాటకూడదంటే అయిదు వారాలే. ఈ గొలుసులో ఎక్కడా ఆట ఎలా ఉండాలన్న ప్రశ్నే లేదు. డబ్బా మీద ఈ.టి. పేరుంటే లోపల ఏమున్నా అమ్ముడవుతుందని అనుకున్నారు. కొంతవరకు వాళ్ళ లెక్క నిజమైంది కూడా, సుమారు 15 లక్షల క్యాట్రిడ్జ్‌లు అమ్ముడయ్యాయి. మామూలు ఆటకైతే అది ఘనవిజయం. కానీ తయారు చేసింది 40 లక్షలకు పైమాటేనని అంచనా. మిగిలినవి గోదాముల్లో ఉండిపోయాయి, దుకాణాల నుంచి తిరిగొచ్చాయి.

అటారి ఈ పొరపాటు చేయడం అదే మొదటిసారి కూడా కాదు. అదే ఏడాది మార్చిలో ప్యాక్‌మ్యాన్‌ను ఇంటి యంత్రానికి తెచ్చారు. వాడకంలో ఉన్న యంత్రాలు సుమారు కోటి అనుకుంటుండగా, ప్యాక్‌మ్యాన్ క్యాట్రిడ్జ్‌లు కోటీ 20 లక్షలు చేశారు. 70 లక్షలు అమ్ముడై కూడా గుట్టలుగా మిగిలాయి. కొన్నవాళ్ళకు బొమ్మల మినుకుమినుకు తప్ప ఆర్కేడ్‌లో చూసిన అందం కనబడలేదు. ‘ఈ.టి.’ వచ్చేసరికి అటారి పేరు మీద జనానికి నమ్మకం అప్పటికే సడలింది.

1982 డిసెంబర్ 7న, అనుకున్నంత రాబడి రాదని అటారి ప్రకటించింది. మర్నాడు వార్నర్ షేరు విలువలో మూడో వంతు దాకా హరించుకుపోయింది. 1983లో అటారి 50 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో టెక్సస్‌లోని ఎల్ పాసో ఫ్యాక్టరీ నుంచి లారీల కొద్దీ సరుకు న్యూ మెక్సికోలోని ఆలమగోర్డో చెత్త దిబ్బకు తరలింది. అక్కడ పాతిపెట్టి, పైన కాంక్రీటు పోశారు. ఎన్ని పాతారు, ఏవి పాతారు అన్నది ముప్పై ఏళ్ళు పుకార్లుగా తిరిగింది. 2014 ఏప్రిల్ 26న తవ్వి చూస్తే క్యాట్రిడ్జ్‌లు నిజంగానే బయటపడ్డాయి. ఆ రోజు వార్షా అక్కడే ఉన్నారు. పాతిపెట్టిన పనిని పర్యవేక్షించిన అప్పటి అటారి ఉద్యోగి చెప్పిన లెక్క మొత్తం 7 లక్షల 28 వేలు. ఇక్కడ జనం మరిచిపోయే విషయం ఒకటుంది. తవ్వి తీసిన సుమారు 1,300 క్యాట్రిడ్జ్‌లలో ‘ఈ.టి.’ పదో వంతే. మిగతావన్నీ వేరే ఆటలు, వాటిలో బాగా ఆడినవీ ఉన్నాయి. ఆ దిబ్బ కింద ఉన్నది ఒక సంస్థ మొత్తంగా చేసిన అతి ఉత్పత్తి.

అందుకే, ఈ ఒక్క ఆటే అమెరికా వీడియో గేమ్ పరిశ్రమను కూల్చిందన్న మాటను ఒప్పుకోలేను. 1979లో నలుగురు అటారి ప్రోగ్రామర్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టారు. తాము చేసిన ఆట మీద తమ పేరు వేయని సంస్థలో ఉండలేక వెళ్ళినవాళ్ళు. వాళ్ళు అటారి యంత్రానికి మంచి ఆటలే చేశారు, కానీ బయటి సంస్థలకు ఆ దారి తెరుచుకున్నాక 1982లో ఆటల గురించి ఏమీ తెలియని సంస్థలు సైతం క్యాట్రిడ్జ్‌లు గుమ్మరించాయి. దుకాణాల అరలు నిండిపోయి, నాలుగైదు డాలర్లకే ఆటలు అమ్మేశారు. మరోవైపు ఇంటి కంప్యూటర్ల ధరలు దిగొచ్చాయి. 1983లో 300 కోట్ల డాలర్లు దాటిన అమెరికా ఇంటి ఆటల వ్యాపారం 1985కల్లా 10 కోట్లకు పడిపోయిందని లెక్క. ఇంత పెద్ద పతనాన్ని పాతికేళ్ళ కుర్రాడు అయిదు వారాల్లో రాసిన 8 కిలోబైట్లకు అంటగట్టడం అన్యాయం.

ఆ ఖాళీలోకే జపాన్ నుంచి నింటెండో వచ్చింది. 90ల్లో మన ఊళ్ళలో టీవీకి తగిలించుకున్న ఆటల డబ్బాలు, మనం క్యాసెట్లు అని పిలిచిన ఆ రంగురంగుల ప్లాస్టిక్ బిళ్ళలు, చాలావరకు ఆ నింటెండో యంత్రానికి నకళ్ళే. గుంటూరు పిల్లలకైనా కరీంనగర్ పిల్లలకైనా మారియో, కాంట్రా తెలుసు. అటారి ఈ.టి. తెలియకపోవడానికి కారణం ఇదే.

సరిదిద్దగలిగింది, సరిదిద్దలేనిది

2013లో ఒక అభిమాని ఈ ఆట కోడ్‌ను విప్పి, దాని జబ్బులకు మందు రాశాడు. తల తగిలితే పడే లెక్క తీసేసి, పాదాలు గోతి మీదికి వస్తేనే పడేలా మార్చాడు. నడిస్తే శక్తి తరగడం ఆపేశాడు, పడితే, పరుగెత్తితే, తేలితే మాత్రమే తరుగుతుంది. పచ్చగా ఉన్న ఈ.టి.ని సినిమాలోలా గోధుమరంగుకు తెచ్చాడు. మార్చినవి కొద్ది బైట్లే, అదీ ఆ 8 కిలోబైట్ల పరిమితి లోపలే. ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో అంతా వివరంగా రాసి అందరికీ అందుబాటులో పెట్టాడు. దాన్ని ఆడినవాళ్ళు అసలు ఆట ఎంత దగ్గరికొచ్చి ఆగిపోయిందో చూడగలరు. గోతుల బెడద తగ్గగానే ఆరు ముఖాల లోకం అర్థమవుతుంది, గుర్తులు పనికొస్తాయి, మనుషులు వెంటపడితే గుండె దడదడలాడుతుంది.

సినిమా ఆటకు సమయం దొరికితే ఏమవుతుందో చూపిన ఉదాహరణ కూడా ఉంది. జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డెన్ ఐ’ 1995 నవంబర్‌లో వచ్చింది. దాని ఆధారంగా బ్రిటన్‌లోని రేర్ సంస్థ నింటెండో 64కు చేసిన ఆట 1997 ఆగస్టులో గానీ రాలేదు. సినిమా వేడి ఎప్పుడో చల్లారిపోయింది. అందరూ మెచ్చుకున్న, నలుగురు కలిసి ఆడే భాగాన్ని చివరి నెలల్లోనే చేర్చారు. ఆట అనుకున్న తేదీకే వచ్చేసి ఉంటే ఆ భాగమే ఉండేది కాదు. 80 లక్షలకు పైగా అమ్ముడైన ఆ ఆటను ఆడినవాళ్ళలో సినిమా చూడనివాళ్ళు కూడా బోలెడుమంది.

‘ఈ.టి.’లో మాత్రం ఆ అభిమాని మార్పులకు అందనిది ఒకటి మిగిలింది. అది ఎలియట్. సినిమాకు ప్రాణం ఆ పిల్లవాడు. ఆటలో ఈ.టి. పిలిస్తే తెర పక్కనుంచి వస్తాడు, ఈ.టి. దారిలో ఏరుకున్న మిఠాయిలు తీసుకుంటాడు, తొమ్మిది పోగైతే ఒక ఫోన్ ముక్క ఇస్తాడు, వెళ్ళిపోతాడు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, స్నేహం లేదు. ఒక్క సందర్భంలో మాత్రం సినిమా ఈ ఆటలోకి తొంగిచూస్తుంది. శక్తి సున్నాకు చేరి ఈ.టి. పడిపోతే, ఎవరూ పిలవకుండానే ఎలియట్ వచ్చి అతన్ని బతికిస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, వార్షాకు సినిమా అర్థం కాలేదనడం తప్పని. అర్థమైన దాన్ని ఆటగా మార్చడానికే ఆయనకు వ్యవధి చాలలేదు.

ఎందుకంటే, సినిమాలోని బంధం ఆటగా మారడానికి అనువుగానే ఉంది. ఈ.టి. నీరసిస్తే ఎలియట్ నీరసిస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకే శక్తి లెక్క పెడితే చాలు. ఎలియట్‌ను పదేపదే పిలిచి పరుగెత్తిస్తే ఈ.టి. అలసిపోతాడు, ఇద్దరూ ఒకేచోట కాసేపు నిలబడితే అంకె పెరుగుతుంది. మిఠాయి అప్పుడు ఫోన్ ముక్కకు ధర కాదు, పంచుకు తినేది అవుతుంది. చివర్లో నౌక వచ్చినప్పుడు ఎలియట్‌ను వదిలి ఎక్కాలి, ఆ ఒక్క బటన్ నొక్కడానికి ఆటగాడి వేలు తటపటాయించేది. ఆ అంకె కోసం కొత్తగా చోటు వెతుక్కోనక్కర్లేదు. 9999తో మొదలయ్యే లెక్క ఆ 128 బైట్లలో ముందునుంచే ఉంది, దాన్ని ఇద్దరి పేరున రాయాల్సిందంతే. 1982 ఆగస్టులో రాత్రింబవళ్ళు కోడ్ రాస్తున్న మనిషికి ఆగి అంత దూరం ఆలోచించే ఒక్క వారాన్ని ఎవరూ ఇవ్వలేదు.